ఎర్ర దీపం వెలిగే వేళలు

ముందు గేటుకి అడ్డంగా ఎవరో తెల్లకారు నిలిపి పోవడంతో ఫర్జానాకి ఆ ఇంట్లోకి దొడ్డిదారే దిక్కయింది. స్కూటీ వీధిలో పడేసి, కారు తాలూకు మనిషిని మనసులో నాలుగు మాటలని, పక్కసందులోంచి వెనక్కి నడిచి వంటింటి తలుపులో అడుగు పెట్టబోయింది. గుమ్మం పైచెక్క నుదుటికి ఠంగున తగిలింది. గూడూరు నుంచి ముత్తుకూరు దాటి ఈ ఉప్పుకాలవ గట్టు దాకా ఎండలో మోసుకొచ్చిన కోపానికి ఇదొక్కటే తక్కువైంది.

లోపల పీట మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్న పెద్దావిడ అయ్యో అనలేదు, నవ్వనూ లేదు. ఆవిడే ఇంటి యజమానురాలు మగ్దలీనమ్మ.

"మా ఆయన పొట్టిమనిషి. తన కొలతకే పెట్టించుకున్నాడు ఆ తలుపు," అంది. "ఈ ఇంటికొచ్చిన ప్రతోళ్లకీ మూడు దెబ్బలు రాసిపెట్టుండాయమ్మా. నాలుగోసారికి తలకాయ దానంతటదే వంగుద్ది."

ఫర్జానా ఇంకా నుదురు రుద్దుకుంటుండగానే ఆమె వెనక నుంచి ఇంకో మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్లబూట్లు, చెవికి ఫోను. ఫోన్లో మాట్లాడుతూనే తల వంచి గుమ్మం దాటి, లోపలికొచ్చాక ఆమెను చూసి ఆగాడు. గిరిబాబు. నెల్లూరులో అతనికో డిటెక్టివ్ ఆఫీసుంది. గూడూరులో అదే పని చేసే ఫర్జానా కష్టపడి తేల్చిన రెండు కేసులు తనే తేల్చినట్టు పేపరువాళ్లకి చెప్పుకున్న ఘనుడు. ఆ తెల్లకారు అతనిదే.

ఓహో గూడూరు నుంచి మేడమ్ గారు దిగబడ్డారే అన్నాడు. ఈ ఊరికి తనూ ఇవాళే మొదటిసారి వచ్చాడట. పొద్దున పది నుంచి ముందు హాల్లోనే కూర్చుని పని ముగించాడట. ఇప్పుడే ఇంటి చుట్టూ ఒక్కసారి చూసొద్దామని వెనక్కి వెళ్లాడట, అక్కడ ఉప్పుగాలి తప్ప ఏమీ లేదట. ఇక ఆమె చేయడానికి ఏమీ మిగల్లేదని కూడా దయతో తెలియజేశాడు.

"ఇంకా మొదలే పెట్టలేదు గిరిబాబు గారూ. అప్పుడే మిగలకపోవడమేంది?" అంది ఫర్జానా.

గోడ గడియారంలో ఒంటిగంటా పది.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో అఫ్జల్ కూర్చునున్నాడు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, కింది పెదవి వాచి ఉంది. వాళ్లమ్మ బీజాన్ గూడూరులో ఫర్జానా ఇంటి పక్కనే ఉంటుంది. పదకొండింటప్పుడు, మగ్దలీనమ్మ ఫోనులో చెప్పిన సంగతి విని వచ్చి, కంటి ఆపరేషన్ కట్టు కూడా విప్పని మొహంతో గుమ్మంలో నిలబడి, నా బిడ్డ అట్టాంటివాడు కాదు, వాణ్ణి తీసుకురామ్మా అంది. అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. ఆ ఒక్క మాటే ఫర్జానాని ఇంత దూరం తరిమింది.

సంగతి వింటే ఎవరైనా ఇంతేనా అంటారు. ఈ ఇంట్లో మూడు వాటాలు. వెనక వైపు మగ్దలీనమ్మ. పక్కగదిలో ఫేబీ, బిట్రగుంట నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న అమ్మాయి. ముందు గదిలో అఫ్జల్, బజార్లో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. ముగ్గురికీ కలిపి ఒకటే ఇంటర్నెట్టు, నీలిమ కేబుల్ వాళ్లది. వారం రోజులుగా రోజూ ఒక అరగంట సేపు బాక్సులో ఎర్ర దీపం వెలుగుతోంది, నెట్టు పోతోంది. కంపెనీవాళ్లు వచ్చి చూసేసరికి పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. వైరు ఎక్కడా తెగలేదు. ఏ లోపమూ దొరకదు.

ఆ అరగంటలు రెండు ఫేబీ నెత్తిన పడ్డాయి. పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగానికి ఆ పిల్ల ఇంటి నుంచే కెమెరా ముందు కూర్చుని మూడు పరీక్షలు రాయాలి. మంగళవారం మొదటిది, నిన్న రెండోది, రెండూ నడిమధ్యలో ఆగిపోయాయి. ఇంకొక్కసారి ఆగినా, గదిలో ఇంకో గొంతు వినిపించినా పేరు కొట్టేస్తామని వాళ్లు రాశారు. మూడోది ఇవాళ మూడున్నరకి. ఫేబీ కడుపుమండి కేబుల్ కంపెనీ మీద ఫిర్యాదు పెట్టింది. కంపెనీ తరఫున విచారణ చేస్తానని గిరిబాబు వచ్చాడు. మూడు గంటల్లో దొంగని పట్టేశాడు.

బల్ల మీద కాగితం ఉంది. నెట్టు తీసింది నేనే, ఫేబీ మీద కక్షతో చేశాను అని రాసి, కింద అఫ్జల్ సంతకం. నెల కిందట పాసువర్డు గురించి ఇద్దరూ పోట్లాడుకున్న మాట నిజమే. అఫ్జల్ షాపు ఫోన్లన్నీ ఇంటికి తెచ్చి ఈ నెట్టు మీదే పెడుతున్నాడని ఆ పిల్ల పాసువర్డు మార్చేసింది. అందుకు పగబట్టి ఆమె బతుకు మీద కొట్టాడని గిరిబాబు లెక్క. మూడు గంటలకల్లా కుర్రాణ్ణి తీసుకెళ్లి ఎస్సై కిషోర్ బాబుకి అప్పగిస్తానని చెప్పాడు.

"ఆ పెదవేంది?" అంది ఫర్జానా.

"కాలు జారి పడ్డాడు," అన్నాడు గిరిబాబు.

శుక్రవారం పూట నమాజుకి కూడా పోనివ్వకుండా కూర్చోబెట్టి కొట్టిన మనిషి, ఎదురుగా కాలు మీద కాలేసుకుని ఆ మాట అంటుంటే ఫర్జానాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్లు టెలిఫోన్ శాఖలో లైన్లు బాగుచేసిన మనిషి ఆమె. అప్పట్లో ఏ లైను చచ్చినా అందులో సగం తప్పులు ఎవరో ఒక పేదవాడి మీదికి తోసేవాళ్లు, అది చూసి చూసి ఒళ్లు మండే బయటికొచ్చేసింది. గిరిబాబుని వీధి అరుగు మీదికి వెళ్లమంది. అతను కదలకపోతే, కుర్చీ లాక్కుని వాళ్లిద్దరి మధ్యలో వేసుకుని, అతనికి వీపు పెట్టి కూర్చుంది.

అఫ్జల్ చెప్పింది కొంచెమే. కాగితం మీద సంతకం పెట్టకపోతే షాపుకి తాళం పడుద్దన్నాడట, తాళంచెవి అప్పుడే లాక్కున్నాడట.

"నెట్టు గురించి అడిగింది తక్కువక్కా," అన్నాడు. "ఈ ఇంట్లో నువ్వు ఏమేం బాగుచేసినావు, ఏమేం బిగించినావు, అదే మళ్లీ మళ్లీ అడిగినాడు. అన్నీ చెప్పినా. చెప్పినాక లేచి బయటికి పోయినాడు."

వెనక నుంచి గిరిబాబు నవ్వాడు. మెకానిక్కుని మెకానిక్కు పనుల గురించి కాక ఇంకేమడుగుతామన్నాడు. ఫర్జానా ఆ మాట అక్కడ వదిలేసింది. ఆ తరువాత చాలాసేపటికి, దాన్ని అక్కడ వదిలేసినందుకు తనను తాను తిట్టుకోబోతోంది.

ఫేబీ తన గదిలో తెల్లకోటు తొడుక్కుని, పరీక్షకి రెండు గంటల ముందే బల్ల ముందు బిగుసుకుపోయి కూర్చుంది. అఫ్జల్ పేరెత్తితే కళ్లల్లో నీళ్లు, నీళ్ల వెనక కోపం. ఫర్జానా ఓదార్చలేదు. నెట్టు ఎప్పుడెప్పుడు పోయిందో చెప్పమంది. ఆ పిల్ల మంచి నర్సు, అన్నీ రాసిపెట్టే రకం. నోటు పుస్తకంలో వరసగా ఉన్నాయి. పోయిన శుక్రవారం తొమ్మిదిన్నర. శనివారం పదీ ఇరవై. ఆదివారం పదకొండూ పది. సోమవారం పన్నెండు. మంగళవారం పన్నెండూ యాభై. బుధవారం ఒకటీ నలభై. నిన్న రెండున్నర.

"ఆదివారం పదకొండుకి నువ్వెక్కడుండావు?"

"చర్చిలో. ఇంట్లో లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ ఆగిన టైము చూసి రాసుకున్నా."

"మరి నీ మీద కక్షయితే నువ్వు లేనప్పుడు తీసేదెందుకమ్మా?"

ఫేబీ తన పుస్తకంలో ఆదివారం వరస మళ్లీ చూసుకుంది. ఫర్జానా ఆమె లాప్‌టాప్ తీసుకుని నెట్టు బాక్సు లోపలి రికార్డు తెరిచింది. లైను ఎప్పుడు చచ్చిందో, ఎప్పుడు బతికిందో బాక్సు తనంతట తనే రాసుకుంటుంది. ఆ సంగతి కంపెనీ మనిషికి తెలుసు, గిరిబాబుకీ తెలియాలి. చూసినవాడు మాత్రం లేడు. పగటి వేళలన్నీ ఫేబీ రాసినట్టే ఉన్నాయి. వాటి మధ్యలో ఇంకో వరస ఉంది. ప్రతి రాత్రీ ఒకసారి. అందరూ నిద్రపోతుంటే ఎవరూ చూడని అరగంట. బుధవారం మధ్యాహ్నం ఒకటీ నలభైకి పోయింది, మళ్లీ అదే రాత్రి రెండూ అయిదుకి పోయింది.

ఆ రాత్రి అఫ్జల్ గూడూరులో వాళ్లమ్మ పక్కన చాప మీద పడుకునున్నాడు. వాళ్లింటికి రాత్రి అన్నం గిన్నె పట్టుకెళ్లి ఇచ్చింది, తెల్లవారుజామున మళ్లీ టీ ఇచ్చింది ఫర్జానాయే.

లాప్‌టాప్ హాల్లోకి తెచ్చి గిరిబాబు ముందు పెట్టింది. అతను ఒక్క క్షణం చూసి భుజాలెగరేశాడు. వాడు మెకానిక్కు మేడమ్, ఒక టైమర్ బిగిస్తే చాలు, గూడూరులో పడుకున్నా ఇక్కడ నెట్టు తీయొచ్చు అన్నాడు. టైమర్ ఎక్కడ అంటే, తీసి కాలవలో పారేసుంటాడన్నాడు. అబద్ధం కూడా ఇంత బద్ధకంగా ఆడేవాణ్ణి ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ బద్ధకం వెనక తొందరుంది, అది ఆమెకి వాసన కొట్టింది. ఏ తొందరో అంతుపట్టలేదు.

నోటు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి రెండు దాటింది. గోడకి ఆనుకుని నిలబడి వేళలు పైకి చదువుతూ వేళ్లు మడిచింది. రోజుకి యాభై నిమిషాలు జరుగుతోంది. ఎవరి డ్యూటీ మారినా రోజుకి యాభై నిమిషాలు మారదు. కరెంటు కోతా ఇలా జరగదు. రాత్రిదీ పగటిదీ మధ్య పన్నెండు గంటలా ఇరవై అయిదు నిమిషాలు. ఏ యంత్రం ఇలా నడుస్తుంది? నుదుటి బొప్పి సలుపుతోంది, తల పనిచేయనని మొరాయిస్తోంది.

మగ్దలీనమ్మ రొయ్య తల తుంచి పళ్లెంలో పడేసింది.

"పోటు వేళలు ఎందుకమ్మా అట్ట బట్టీ కొడతండావు?" అంది.

"ఏ వేళలు?"

"సముద్రం పోటు. ఆదివారం పదకొండూ పదికి నిండింది గదా. చర్చి వదిలి వచ్చేసరికి కాలవ నిండుగా ఉండింది, గట్టు మీద చీర తడిసింది నాకు. ఇవాళ మూడూ ఇరవైకి నిండుద్ది."

ఫర్జానా పుస్తకం మూసేసింది. పుట్టి పెరిగింది గూడూరు, సముద్రం ఆమెకి సెలవురోజు సంగతి. ఇక్కడి మనిషికి అది గోడ గడియారం. ఆమె కోపం ఈసారి తన మీదికే తిరిగింది. మొదట అడగాల్సిన మనిషిని చివర అడిగింది.

మిగతాది మగ్దలీనమ్మ రొయ్యలు ఒలుస్తూనే చెప్పింది. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసింది. పాటు వేళ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, అక్కడ మోకాలి లోతు కూడా ఉండదు. పోటు నిండాక ఒక అరగంట మాత్రమే ఇంజను పడవ లోపలికి వచ్చిపోగలదు. ఈమధ్య ఒక పడవ వస్తోంది, రాత్రిళ్లు కూడా చప్పుడు వినిపిస్తోంది. ఎవరిదో తనకి తెలియదు.

అంటే పడవ వచ్చే వేళకి ఈ ఇంట్లో నెట్టు చస్తోంది. ఇవాళ పడవ వేళా ఫేబీ పరీక్షా పది నిమిషాల తేడాతో పడ్డాయి.

ఇంటి వెనక గట్టు మీద కేబుల్ స్తంభం ఉంది. అక్కడి నుంచే సన్నని నల్లవైరు గాల్లో ఇంటికి వస్తుంది. ఫర్జానా స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వైరుని వేళ్లతో తడుముతూ పోయింది. భుజమెత్తున ఒకచోట పైతొడుగు నలిగి ఉంది, ఒకే చోట పదిసార్లు మడిచి విప్పినట్టు. దాని పక్కనే వల అల్లే నీలం నైలాను దారం ముక్క, ఒక కొస స్తంభానికి కట్టి వేలాడుతోంది.

ఆమెకి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. ఫైబర్ వైరులో పోయేది వెలుగు. వైరుని చిన్న చుట్టగా మడిచి దారంతో బిగిస్తే వెలుగు ఆ మలుపులోనే కారిపోతుంది. ఇంట్లో ఎర్ర దీపం. దారం విప్పితే మళ్లీ పచ్చ దీపం. తెగింది లేదు, అతుకు లేదు. కంపెనీవాడు వచ్చి నెత్తి గోక్కుని పోతాడు.

దారం సంగతి చెబితే గిరిబాబు మొహంలో మొదటిసారి నవ్వు ఆరింది. గట్టు మీద దారం ముక్కలు వెయ్యి దొరుకుతాయన్నాడు. మూడయింది, వాణ్ణి తీసుకుపోతున్నానని లేచాడు. ఫర్జానా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మూడున్నర దాకా ఆగు. అప్పటికి నేను చూపించకపోతే నీ కాగితం మీద సాక్షి సంతకం నేనే పెడతా."

"మీరు పెడతారా?"

"పెడతా. కానీ ఈ అరగంటలో వాడి మీద చెయ్యి పడిందా, నీ వేళ్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తది."

అతను కూర్చున్నాడు. మరీ తేలిగ్గా కూర్చున్నాడు.

మూడూ అయిదుకి ఫర్జానా గట్టు మీది తుమ్మపొదల్లోకి దూరింది. ముళ్లు చీరని పట్టి లాగుతుంటే పళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. కాలవలో నీళ్లు నిశ్శబ్దంగా పైకి వస్తున్నాయి. మూడూ పదిహేడుకి లుంగీ కట్టిన మనిషొకడు గట్టు వెంట వచ్చి, అటూ ఇటూ చూసి, వైరు లాగి మడిచి దారం బిగించాడు. చూస్తుండగానే ముడి పడింది, వల అల్లే చెయ్యి. వెంటనే కాలవ మొగ వైపు పోయాడు.

వాడి చొక్కా పట్టుకోవాలని ఆమె చేతులు పీకాయి. కానీ వాడు దారం కట్టే కూలివాడు. దారం ఎవరికోసం కడుతున్నాడో వాడు రావాలి. వాడు కనుమరుగయ్యాక లేచి ముడి విప్పి వైరుని వదులు చేసింది. దారాన్ని మాత్రం దూరం నుంచి చూస్తే కట్టినట్టే కనిపించేలా చుట్టిపెట్టింది. పడవవాళ్ల లెక్కలో నెట్టు పోయింది. ఇంట్లో నెట్టు ఉంది.

పొదలోంచి లేచినప్పుడు తలెత్తి ఇంటి వైపు చూసింది. మిద్దె పిట్టగోడ మీద ఒక మట్టికుండ బోర్లించి ఉంది. కుండ పొట్టకి చిల్లు కొట్టి ఉంది. ఆ చిల్లు సరిగ్గా కాలవ వైపే చూస్తోంది.

మూడూ ఇరవై అయిదుకి వంటింట్లోకి వచ్చి ఆ కుండేంటని అడిగింది. మగ్దలీనమ్మ అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు చెప్పింది. మిద్దె మీద ఎండు చేపలు ఆరబెడితే కుక్కలు ఎత్తుకుపోతున్నాయి. అందుకని అఫ్జల్ ఒక చిన్న కెమెరా కొని బిగించాడు. ఉప్పుగాలికి పాడవకుండా పైన కుండ బోర్లించాడు. వంటింట్లో కూర్చుని ఫోన్లో చేపలు చూసుకోవచ్చు. నెట్టు లేకపోతే ఫోన్లో ఏమీ రాదని పోయిన నెలలో అందులో ఏదో చిప్పు కూడా పెట్టాడు, అన్నీ అందులో దాచుకుంటుందట.

నర్సు పరీక్ష కాదు. పాసువర్డు తగాదా కాదు. చేపలకి కాపలా పెట్టిన కెమెరా చేపల వెనక కాలవని కూడా చూస్తోంది. దాన్ని పగలగొడితే మగ్దలీనమ్మ ఊరంతా ఏకం చేసి ఇంకోటి పెట్టిస్తుంది. నెట్టు పోతే మాత్రం అందరూ కంపెనీనే తిడతారు.

ఫేబీ గది తలుపు మూసుకుంది. పరీక్ష మొదలైంది. బాక్సులో పచ్చ దీపం కదలకుండా వెలుగుతోంది. ఇక నుంచి ఈ ఇంట్లో ఎవరూ గొంతెత్తడానికి లేదు. ఫర్జానా చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా వెనక మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్లింది. కాలవ వైపు నుంచి ఎవరికీ కనపడకుండా పిట్టగోడ చాటున వంగి కుండ ఎత్తింది. కెమెరా పక్కన చిన్న నీలం చుక్క వెలుగుతోంది, అంటే పనిచేస్తోంది. చిప్పు పెట్టే అర మీది రబ్బరు మూత తెరిచి ఉంది. అర ఖాళీ. మూత అంచున పేరుకున్న ఉప్పు పొడి అప్పుడే చెదిరినట్టుంది.

చిప్పు సంగతి తెలిసిన వాళ్లు ఇద్దరే, అఫ్జల్, మగ్దలీనమ్మ. కాదు. ఏమేం బిగించావని ఈ పొద్దున అఫ్జల్‌ని మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నవాడు ఇంకొకడున్నాడు.

కుండ యథాప్రకారం బోర్లించి, మెట్లు దిగి, కోపంలో కళ్లు కనపడక వంటింట్లోకి దూరబోయింది. పైచెక్క మళ్లీ అదే బొప్పి మీద తగిలింది. అరుపు గొంతు దాకా వచ్చింది. చేత్తో నోరు మూసుకుని, గుమ్మానికి ఆనుకుని, కళ్లల్లో నీళ్లతో అక్కడే కూలబడింది.

ప్రతోళ్లకీ మూడు దెబ్బలు. నాలుగోసారికి తలకాయ దానంతటదే వంగుద్ది.

మధ్యాహ్నం గిరిబాబు ఈ గుమ్మంలోంచే వచ్చాడు. చెవికి ఫోను, చూపు ఎక్కడో. తల దానంతటదే వంగింది. ఈ ఊరికి ఇవాళే మొదటిసారి వచ్చానన్న మనిషి, పొద్దుటి నుంచి ముందు హాల్లోనే ఉన్నానన్న మనిషి. ఇంట్లోవాళ్లు చర్చికి పోయిన వేళ ఎన్నిసార్లు ఈ గుమ్మం దాటాడో. తను రెండో దెబ్బ తింటే తప్ప ఆ సంగతి తలకెక్కలేదు.

లేచి హాల్లోకి పరిగెత్తింది. రెండు కుర్చీలూ ఖాళీ. బల్ల మీద అఫ్జల్ సంతకం పెట్టిన కాగితం మాత్రం ఫ్యాను గాలికి ఎగరకుండా గ్లాసు బరువు పెట్టి ఉంది.

మగ్దలీనమ్మ ఆమె చెవి దగ్గరికి వచ్చింది. అంత పెద్ద గొంతున్న ఆవిడ గుసగుసలాడడం చూస్తే ఇంకో సమయంలో నవ్వొచ్చేది.

"నువ్వు గట్టు మీదికి పోయినాక ముందు గేటు నుంచి తీసకపోయినాడే. నువ్వే రమ్మన్నావని చెప్పినాడు."

ఫర్జానా ఫోను తీసి ఎస్సై కిషోర్ బాబుకి కలిపింది. నోరు కొంగులో దాచుకుని నాలుగు ముక్కల్లో చెప్పింది. గిరిబాబు తనకేమీ చెప్పలేదని, ఎవరినీ అప్పగిస్తానని అనలేదని అవతలి నుంచి జవాబు వచ్చింది. బయలుదేరుతున్నాడట, ఇరవై అయిదు నిమిషాలు పడుతుందట. పోటు ఇంకో పది నిమిషాలే ఉంది.

ఇప్పుడు అంతా అర్థమైంది. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టినవాడు మాయమైతే పారిపోయాడనే అనుకుంటారు. వెతికేవాళ్లు రైల్వే స్టేషన్లలో వెతుకుతారు. కాలవలో ఎవరూ వెతకరు. ఆ కాగితం మీద సాక్షి సంతకం పెడతానని తనే మాటిచ్చింది.

మగ్దలీనమ్మ ఫోన్లో చేపల బొమ్మ నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. చాప మీద ఎండు చేపలు. పిట్టగోడ. దాని కింద నిండుకాలవలో ఇంజను పడవ. పడవలో నీలం డ్రమ్ములు. ఇద్దరు వాటిని గట్టు మీదికి దొర్లిస్తుంటే, డ్రమ్ము మూత ఊడి డీజిల్ నీళ్ల మీద రంగులు రంగులుగా పరుచుకుంటోంది. ఓడల దగ్గర కొట్టేసిన సరుకు. ఇస్త్రీ చొక్కా మనిషొకడు ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అతని పక్కన అఫ్జల్, చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టి ఉన్నాయి. కెమెరా చచ్చిందన్న ధైర్యంతో వాళ్లు పట్టపగలు ఇంటిపని చేసినంత తీరిగ్గా చేస్తున్నారు.

ఫర్జానా ఆ తెరని తన ఫోనుతో వీడియో తీసి ఎస్సైకి పంపింది. ఇస్త్రీ చొక్కావాడు ఒక్కసారి ఇటు తిరిగితే చాలని మనసులో వేడుకుంది. తిరగలేదు. అఫ్జల్‌ని పడవ ఎక్కమని భుజం పట్టి తోశాడు.

పడవ అంచు మీద కాలు పెడుతూ అఫ్జల్ తలెత్తి మిద్దె వైపు చూశాడు. కుండ చిల్లు లోపలి చీకట్లో నీలం చుక్క వెలుగుతోంది. నీలం వెలిగితే నెట్టుంది, ఎవరో చూస్తున్నారు. అది తెలిసినవాడు వాడొక్కడే, ఎందుకంటే బిగించింది వాడే. వాచిన పెదవి మీద ఆశ కనిపించింది. పాపం, దాచుకోవడం చేతకాలేదు.

గిరిబాబు కుర్రాడి మొహం చూశాడు. వాడు చూస్తున్న వైపు తిరిగాడు. తిన్నగా, నిండుగా, కెమెరాలోకి చూశాడు.

ఫర్జానా అడిగింది దొరికింది. ఆమె ఇంకా వీడియో తీస్తూనే ఉంది, ఆ ముక్క కూడా పంపింది. ఆ మొహం ఇప్పుడు ఎస్సై ఫోన్లో ఉంది. ఆ ఫోను ఇంకా ఇరవై నిమిషాల దూరంలో ఉంది. గిరిబాబు పడవవాళ్లకి ఏదో సైగ చేసి, నడుం దగ్గర చొక్కా పైకెత్తి, పొడుగాటి కత్తి తీసి ఇంటి వెనక తలుపు వైపు నడక మొదలుపెట్టాడు. పడవ బయలుదేరకుండా ఆగింది. అఫ్జల్ ఇంకా గట్టు మీదే ఉన్నాడు, లుంగీ మనిషి వాడి మెడ పట్టుకునున్నాడు.

వెనక తలుపు వేయమని ఫర్జానా సైగ చేసింది. మగ్దలీనమ్మ అడ్డంగా తలూపి ఆమె చెవిలో చెప్పింది.

"దానికి గడియ లేదమ్మా. ఆయన పోయిన ఏడే ఊడిపోయింది."

మూసిన గదిలో ఫేబీ వేళ్లు టకటకా నడుస్తున్నాయి. ఒక్క అరుపు, ఒక్క కొత్త గొంతు, అంతే, ఆ పిల్ల పరీక్ష పోతుంది. బయట ఇసుకలో నల్లబూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఫర్జానా వంటింట్లో చుట్టూ చూసింది. రోట్లోంచి పొత్రాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. బరువుగా, చల్లగా ఉంది. దాన్ని భుజానికి ఆనించుకుని గుమ్మం పక్క గోడకి అంటుకుని నిలబడింది.

ఆ పొట్టిమనిషి తన కొలతకి పెట్టించుకున్న తలుపు అది. అందులోంచి వచ్చేవాడు ఎంతటివాడైనా ముందు తల వంచాలి. గిరిబాబుకి అది బాగా అలవాటు.